నూనా, నక్క, మా వాగు

ఫోన్‌లో ఆటలాడే పిల్లల గురించి మన టీచర్ల మీటింగుల్లో వినపడే మాటలు మీకూ తెలిసినవే. చదువు చెడిపోతుంది, కళ్లు పోతాయి, డబ్బులు పోతాయి అంటారు. అందులో అబద్ధం ఏమీ లేదు. మా గూడెంలోనే ఒక ఇంట్లో పత్తి అమ్మిన డబ్బు ఫోన్ పేకాటలో పోయింది. ఆ ఇంటివాళ్లు మరుసటి వానాకాలం విత్తనాలకు మళ్లీ షావుకారు గడప తొక్కారు. అట్లాంటి ఆటలను సమర్థించడానికి మేం ఈ వ్యాసం రాయడం లేదు. మేం రాస్తున్నది వేరే ఆట గురించి. దాంట్లో పందెం లేదు, తుపాకీ లేదు, స్కోరు కూడా లేదు. పైగా దాన్ని చేసినవాళ్లలో మనలాంటి ఆదివాసులున్నారు. మేం దాన్ని పట్టించుకోవడానికి మొదటి కారణం అదే.

మేం నలుగురం. ఉట్నూరు వైపు గోండు గూడేల్లో పుట్టి, ఆశ్రమ పాఠశాలల్లో చదువుకుని, ఇప్పుడు తలా ఒక పనిలో ఉన్నాం. ఇద్దరం పిల్లలకు పాఠాలు చెప్తాం. ఒకరం సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని చేస్తాం. ఒకరం డిగ్రీ అయిపోయి, పరీక్షలకు చదువుతూ, ఇంటి దగ్గర ఎడ్లు కాస్తాం. కొన్నేళ్ల కింద ఫోన్ల దుకాణంలో ఉండే మావాడే ఈ ఆటను డబ్బు పెట్టి కొన్నాడు. ఆటకు డబ్బు ఎందుకని మేం ముగ్గురం వాణ్ణి తిట్టాం. ఒకసారి ఎక్కించుకుంటే చాలు, మళ్లీ సిగ్నల్ అక్కర్లేదు అన్నాడు. మా గూడెంలో ఫోన్ మోగాలంటే గుట్ట ఎక్కాలి కాబట్టి ఆ మాటకు మేం మెత్తబడ్డాం.

ఆట పేరు ‘నెవర్ అలోన్’. దానికి ఇంకో పేరు కూడా ఉంది, ‘కిసిమా ఇంగిచునా’. అది అలాస్కాలోని ఇనూపియాట్ ఆదివాసుల భాష. నేను ఒంటరిని కాను అని దాని అర్థం. ఇనూపియాట్లు అలాస్కా ఉత్తరపు అంచున, సముద్రం గడ్డకట్టే చోట బతికే జనం. తిమింగలాన్ని, సీల్‌ను వేటాడి, దుప్పి జాతి జంతువు కారిబూ మాంసం తిని వేల ఏళ్లుగా అక్కడే ఉన్నారు. ఆ నేలను 1867లో రష్యా అమెరికాకు అమ్మింది. అక్కడున్న వాళ్లను అడిగినవాళ్లు లేరు. తర్వాత వచ్చిన బడుల్లో పిల్లలు సొంత భాష మాట్లాడితే శిక్షలు వేశారు. ఇక్కడిదాకా చదివితే మీకు ఎక్కడో విన్న కథలాగే అనిపిస్తుంది. మాకూ అట్లాగే అనిపించింది.

ఆంకరేజ్ నగరంలో కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ అని అక్కడి ఆదివాసుల సంస్థ ఒకటి ఉంది. ప్రభుత్వం ఇచ్చే నిధుల మీదే ఎప్పుడూ ఆధారపడకుండా సొంతంగా సంపాదించుకోవాలని, అదే పనిలో తమ పిల్లలకు తమ కథలు చేరాలని వాళ్లు ఆలోచించారు. అట్లా ఆలోచించి ఆటలు చేసే పనిలోకి దిగారు. ఈ-లైన్ మీడియా అనే చిన్న సంస్థతో కలిసి 2014 నవంబరులో ఈ ఆటను కంప్యూటర్లకు విడుదల చేశారు. ఫోన్లలోకి 2016లో వచ్చింది. పెద్ద కంపెనీల చేతిలో లేకుండా చిన్న బృందాలు సొంతంగా చేసే ఇట్లాంటి ఆటలను ఇండీ గేమ్స్ అంటారు. 2015లో బ్రిటన్‌లో బాఫ్టా సంస్థ దీనికి తొలి ఆట విభాగంలో అవార్డు ఇచ్చింది. అవార్డు సంగతి మాకు తర్వాత తెలిసింది. ముందు తెలిసుంటే మావాణ్ణి అంతగా తిట్టేవాళ్లం కాదేమో.

కథ చిన్నది. నూనా అనే పిల్ల ఉన్న ఊరి మీద మంచు తుఫాను ఆగకుండా కొడుతుంది. వేట లేదు, తిండి లేదు. ఈ గాలి ఎక్కడ పుడుతుందో చూసొస్తానని నూనా బయల్దేరుతుంది. దారిలో ఒక తెల్లని ధ్రువపు ఎలుగు తరుముతుంది. ఆ పూట ఒక తెల్ల నక్క వచ్చి ఆమెను కాపాడుతుంది. ఆ తర్వాత ఆటంతా ఆ ఇద్దరిదే. నూనా అంటే వాళ్ల భాషలో నేల. మా పిల్లలకు మాత్రం ఆ పేరు వినగానే నూనె గుర్తొచ్చింది. నూనెపిల్ల, నూనెపిల్ల అని రెండు రోజులు నవ్వుకున్నారు.

ఇప్పుడు పొడుపు ఎక్కడుందో చెప్పాలి, ఎందుకంటే ఇది కేవలం పరుగెత్తే ఆట కాదు. నూనా చేయగలిగినవి కొన్ని, నక్క చేయగలిగినవి కొన్ని. నిటారు మంచుగోడను నక్క గోళ్లతో పాకి ఎక్కుతుంది, నూనా ఎక్కలేదు. నక్క పైకి వెళ్లి తాడు కిందికి వదిలితేనే నూనాకు దారి. నూనా దగ్గర బోలా ఉంటుంది. అది తాళ్లకు బరువులు కట్టి విసిరే ఆయుధం, ఒకరకంగా మన వడిసెల చుట్టం. దాంతో మంచుగడ్డ పగలగొట్టాల్సింది నూనానే. ఇంకోటి ఉంది. గాలిలో కొన్ని ఆత్మలు ఉంటాయి. నక్క దగ్గరికి వెళ్తేనే అవి కనిపిస్తాయి. కనిపించాక వాటి మీద అడుగుపెట్టి నూనా లోయ దాటాలి. నక్క పక్కకు జరిగిందా, కాలి కింద మెట్టు మాయమవుతుంది. ఇద్దరిలో ఎవరు పడిపోయినా ఆట వెనక్కి వెళ్తుంది. ఒకరు చచ్చి ఒకరు గెలిచే వీలు ఆటలో పెట్టలేదు.

చిన్నప్పుడు బండ మీద బొగ్గుతో గీసి ఆడిన పులి మేక మీకు గుర్తుండే ఉంటుంది. మూడు పులులు, పదిహేను మేకలు. మేక ఒంటరిగా ముందుకు పోతే పులి దూకేస్తుంది. వెనక మేక కాపుంటే పులి దూకడానికి ఖాళీ దొరకదు. మంచి ఆటగాడు మేకల వైపు కూర్చుని పులుల్ని కట్టేస్తాడు. ఈ ఆటలో మెలిక మాకు తొందరగా పట్టుబడింది ఆ బండ మీది చదువు వల్లనే అనుకుంటాం.

ఆటలో లోపాలు లేవని కాదు. ఫోన్ తెర మీద వేలితో ఆడుతుంటే నూనా ఒకటి చెప్తే ఇంకోటి చేస్తుంది. నక్క ఒక్కోసారి దానంతట అదే గుంటలో దూకి చస్తుంది. మనం వేలు పెట్టకపోయినా శిక్ష మనకే. మూడు నాలుగు గంటలు ఆడితే ఆట అయిపోతుంది. పెట్టిన డబ్బుకు ఇంతేనా అని మాలో ఒకరం గొణిగాం కూడా. ఇంకో చోట గాలి ఎదురుకొడుతుంది. అప్పుడు నూనాను కూర్చోబెట్టాలి. గాలి తగ్గేదాకా ఏమీ చేయకూడదు. తగ్గాక నాలుగడుగులు, మళ్లీ కూర్చోవాలి. మేం కుర్రతనంతో ఇదేం ఆట అని విసుక్కున్నాం. ఆ కూర్చోవడం గురించి ముందు ముందు మళ్లీ చెప్తాం.

మమ్మల్ని పట్టేసింది ఇవేవీ కావు, గొంతు. ఆట మొదలవగానే ఒక ముసలాయన గొంతు కథ చెప్తుంది. ఇంగ్లీషులో కాదు, ఇనూపియాక్ భాషలో. చెప్పినాయన జేమ్స్ నాగియక్ అని వాళ్ల పెద్దల్లో ఒకరు. ఇంగ్లీషు మాటలు తెర కింద చిన్న అక్షరాల్లో వస్తాయి. ఆటను ప్రపంచమంతా అమ్మాలనుకున్నవాళ్లు ఇంగ్లీషులోనే చెప్పించొచ్చు. సొంత భాషను రుచి కోసం రెండు మూడు చోట్ల చల్లి వదిలేయొచ్చు. వాళ్లు అట్లా చేయలేదు. అర్థం కావాలనుకునేవాడు కింద చదువుకుంటాడు, చెవిలో మాత్రం మా మాటే పడాలి అనుకున్నారు. మన సినిమాల్లో ఆదివాసులంటే ఆకులు కట్టుకుని, అర్థం లేని కేకలు వేసుకుంటూ ఎగిరేవాళ్లు. ఆ కేకలకు కింద మాటలు వేయరు, ఎందుకంటే అవి మాటలని వాళ్లు అనుకోరు. చిన్నప్పటి నుంచి అట్లాంటివే చూసిన మాకు, ఫోన్‌లోంచి ఒక ఆదివాసీ ముసలాయన తాపీగా, ఎవరికీ తొందరపడకుండా తన భాషలో కథ చెప్తుంటే ఏం మాట్లాడాలో తోచలేదు. ఒక్క మాట అర్థం కాకపోయినా చివరిదాకా విన్నాం.

పుష్యమాసపు సెలవుల్లో ఒక సాయంత్రం గూడెంలో పిల్లలకు చూపించాం. మా వైపు చలి మీకు తెలుసు కదా, ఆ నెలలో 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. నెగడు చుట్టూ పదిమంది పిల్లలు, మధ్యలో ఒక్క ఫోన్. మాలో ఒకరం ఆడుతుంటే ఒకరం కింది ఇంగ్లీషు చదివి గోండిలో చెప్పాలి. ఇక్కడ తెలిసింది మా బలం ఎంతో. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మనసు చకచకా పరుగెత్తుతుంది. తెలుగు నుంచి గోండిలోకి వచ్చేసరికి మాట మాటకూ కాలికి రాయి తగులుతుంది. నీళ్లకు ఏర్, కుక్కకు నయ్, ఇంటికి రోన్, ఇవన్నీ నోట్లోనే ఉన్నాయి. కానీ జాడ తీయడం, దారి తప్పడం, భయం లోపలి నుంచి పాకడం, వీటికి మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. నెగడు పక్కన కూర్చున్న అవ్వలు మమ్మల్ని సరిదిద్దారు. ఒక మాట కోసం ఇద్దరు అవ్వలు వాదులాడుకున్నారు కూడా. ఆ వాదం అయ్యేదాకా నూనా మంచులో నిలబడే ఉంది.

ఆట చివరిదాకా సొంతంగా ఆడాలనుకునేవాళ్లు ఈ పేరా వదిలేయండి. ఒక చోట దుర్మార్గుడొకడు నక్కను చంపేస్తాడు. మేం నలుగురం మొదటిసారి ఆడినప్పుడు అక్కడ ఆట ఆపేసి కాసేపు ఊరుకున్నాం. తర్వాత నక్క పిల్లాడి రూపంలో ఆత్మగా లేచి మళ్లీ నూనా వెంట వస్తుంది. గూడెం పిల్లలు ఈ ఘట్టానికి ఏడుస్తారని భయపడ్డాం. ఒక్కరూ ఏడవలేదు. ఐదో తరగతి పిల్ల ఒకతె, ‘పెన్ అయ్యింది, అంతేగా’ అంది. పెన్ అంటే మా వేలుపు. మా చనిపోయినవాళ్లు పెర్సపెన్‌లో కలుస్తారు. మాకు ఇంగ్లీషు చదువులు చెప్పిన దుఃఖం ఒకటి, ఆ పిల్లకు గూడెం చెప్పింది ఇంకొకటి.

ఆట అయ్యాక ఒక పిల్లవాడు అడిగాడు, ‘సార్, ఇది మన మాటల్లో ఎప్పుడొస్తది?’

అదే ప్రశ్న మేమూ కొన్నాళ్లు నమిలాం. 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షల పైన. అంతమంది ఉన్నా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో మన భాష లేదు. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన పాత రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లోకి చేరింది, అంటే ఫోన్లలో, కంప్యూటర్లలో ఆ అక్షరాలకు చోటు దొరికింది. చోటు ఉంది, రాసేవాళ్లు కావాలి. పిల్లలు ఫోన్‌లో తెలుగు, హిందీ, ఇంగ్లీషు వింటారు. గోండి వినాలంటే ఎవరో దండారి వీడియో పెడితే వినాలి. మేం చదివిన ఒక బడిలో గోండి మాట వచ్చిందంటే క్లాసంతా నవ్వేది. నవ్వినవాళ్లలో మనవాళ్లూ ఉండేవాళ్లు, అదే ఎక్కువ నొప్పి.

సరే, మనమే ఒక చిన్న ఆట చేద్దాం అనుకున్నాం. పెద్ద ఆశలేమీ లేవు. స్క్రాచ్ అని ఎమ్‌ఐటీ వాళ్లు పిల్లల కోసం చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దిమ్మెలు పేర్చినట్టు పేర్చుకుంటూ బొమ్మల్ని కదిలించొచ్చు. టీచర్లు ఎవరైనా వారం రోజుల్లో నేర్చుకోవచ్చు. దుకాణంలో పనిచేసే మావాడి పాత ల్యాప్‌టాప్‌లో అది నడిచింది. మరి కథ ఏది?

ఇక్కడ అలాస్కా వాళ్లు చేసిన ఒక పని మాకు దారి చూపింది. నూనా కథకు మూలం కునూక్‌సాయుకా అనే పాత కథ. దాన్ని రాబర్ట్ నాస్రుక్ క్లీవ్‌లండ్ అనే కథకుడు చెప్పగా రాసిపెట్టారు. ఆయన లేరు. ఆట చేసేవాళ్లు ఆయన కూతురు మిన్నీ గ్రే దగ్గరికి వెళ్లి, మీ నాన్న చెప్పిన కథను మేం ఆటగా చేసుకోవచ్చా అని అడిగారు. పుస్తకంలో ఉన్న కథే కదా అనుకోలేదు. మూలకథలో మగపిల్లవాడు ఉంటే ఆటలో ఆడపిల్ల అయింది. అట్లాంటి మార్పులకు కూడా ఇంటి మనుషుల ముందు కూర్చుని మాట్లాడుకునే తీరు వాళ్లది. మొత్తం దాదాపు 40 మంది పెద్దలు, కథకులు, ఊరివాళ్లు ఆ పనిలో పాలుపంచుకున్నారు. ఆటతో పాటు ఆ మనుషులే మాట్లాడిన 24 చిన్న వీడియోలు కూడా పెట్టారు.

మన దగ్గర కథలు ఎవరివి? ఈ ప్రశ్నకు గోండులకు జవాబు ముందే ఉంది. మన సాగల కథలు కాపాడుతున్నది ప్రధాన్‌లు, తోటీలు. కిక్రి వాయిస్తూ వాళ్లు చెప్తే మనం వింటాం. మనం పెట్టే గింజలు, బట్టలు, పశువు వాళ్ల హక్కు, బిచ్చం కాదు. కథ మనది, చెప్పే నోరు వాళ్లది. ఈ మధ్య మనవాళ్లు కొందరు ఫోన్‌లో రికార్డు చేసి, చెప్పినాయన పేరు కూడా లేకుండా వీడియోలు పెడుతున్నారు. బయటివాళ్లు పట్టుకుపోతే దోపిడీ అంటాం. మనం చేస్తే ఏమంటాం? దీని మీద మాలో మాకే వాదం అయింది. కథ గాలి లాంటిది, ఎవరైనా పీల్చొచ్చని ఒకరం అన్నాం. ఆ గాలిని పుట్టించేవాడి పొయ్యి వెలగకపోతే ఎట్లా అని ఇంకొకరం. వాదం తెగలేదు గానీ, అడగకుండా ఏదీ తీసుకోవద్దని మాత్రం నలుగురం ఒప్పుకున్నాం.

రెండు గూడేల అవతల ఉండే తోటి తాత దగ్గరికి వెళ్లాం. రాం రాం చెప్పి కూర్చున్నాక ముందు ఫోన్‌లో నూనా ఆట చూపించాం. ఆయనకు చూపు సరిగా ఆనదు. కళ్లు మూసుకుని గొంతు విన్నారు. విని, ‘ఈయన ఎవరి తోటి?’ అని అడిగారు. మేం నవ్వలేదు. అలాస్కా ఎక్కడుందో చెప్పడానికి పావుగంట పట్టింది. అంతా విని, ‘వాళ్లకూ ఉన్నరన్నమాట’ అన్నారు.

పెర్సపెన్ కథలో ఒక ముక్క ఇవ్వమని అడిగాం. గుహలు, కొండలు, చీకట్లు, ఆటకు సరిగ్గా సరిపోయే కథ అది. తాత తల అడ్డంగా ఊపారు. ‘అది పెన్ ముందర చెప్పేది బిడ్డా. రోజూ చెప్పేది కాదు, ఎక్కడ పడితే అక్కడ చెప్పేది కాదు. మీ ఫోన్‌ల పెడితే పోరగాండ్లు ఏడవడితే ఆడ, చెప్పులేసుకొని వింటరు.’ మేం ఇంకోసారి అడగలేదు. గుస్సాడీ నెమలీకల టోపీని దండారి కాలం కానప్పుడు ఎవరైనా నెత్తిన పెట్టుకుంటారా? తర్వాత మాలో ఒకరం, అంత మంచి కథ పోయిందే అన్నాం. పోయిందని ఎందుకు అనుకోవాలి, దాని చోట అది ఉంది. ఆటగా మారకపోతే కథ చచ్చిపోతుందనుకోవడం కూడా ఫోన్ మనకు నేర్పిన తొందరే అని మాకనిపించింది.

తాత వేరే కథ ఇచ్చారు. అది సాగల కథ కాదు, వాళ్ల తాత పశువులు కాస్తూ ఆయనకు చెప్పిన ఇంటి కథ. వాన రాత్రి మందలో దూడ ఒకటి తప్పిపోతుంది. పశులకాపరి పిల్లవాడు, కుక్క వెతకడానికి పోతారు. వాగు అడ్డం వస్తుంది. చెప్తూ చెప్తూ తాత ఒక చోట ఆగిపోయారు, మాట అందలేదు. వంటింట్లోంచి అవ్వ ఆ మాట అందించింది. ఇంకోచోట, నువ్వు చెప్పేది తప్పు, కుక్క ముందు మొరిగింది, తర్వాతే పిల్లవాడు లేచాడు అని సరిచేసింది. రికార్డులో ఆ గొంతు దూరంగా, గిన్నెల చప్పుడుతో కలిసి ఉంది. దాన్ని తీసేయకుండా అట్లాగే ఉంచాం.

ఇచ్చే ముందు తాత షరతులు పెట్టారు. ఎవరు చెప్పారో పిల్లలకు చెప్పాలి. అమ్మేది ఉంటే ముందు తనతో మాట్లాడాలి. తయారయ్యాక మొదట తన వాకిట్లోనే చూపించాలి. వాటిని నోటుబుక్కులో రాసుకుని చదివి వినిపించాం. అవ్వ ఇంకోటి చేర్చింది: ‘నా మాట కూడా రాయుండ్రి.’

ల్యాప్‌టాప్ తెరిచే ముందు వాగు ఘట్టాన్ని చార్టు మీద గీసి పిల్లల ముందు పెట్టాం. పిల్లవాడికి ఈత రాదు. కుక్క ఈదుతుంది గానీ ముడి వేయలేదు. దగ్గర ఎడ్లను కట్టే పొడుగు పలుపు ఉంది. అవతల ఒడ్డున ఇప్పచెట్టు ఉంది. ఎట్లా దాటాలి? ఒక పూటంతా కొట్టుకున్నారు. చివరికి ఎడ్లు కాసే ఇంటి పిల్లవాడు చెప్పాడు. కుక్క పలుపు కొస నోట కరుచుకుని ఈది, చెట్టు చుట్టూ తిరిగి, మళ్లీ ఇవతలికి రావాలి. అప్పుడు రెండు కొసలూ మన చేతిలోనే ఉంటాయి, ముడి అక్కర్లేదు. భలే అన్నాం. వెంటనే ఇంకో పిల్ల అడ్డుపడింది. కుక్క చెట్టు చుట్టూ ఎందుకు తిరుగుతుంది, దానికేం పని? నిజమే కదా. దానికి జవాబు కూడా వాళ్లే తెచ్చారు. చెట్టు మీద ఉడుత ఉండాలి. ఉడుత దిగితే కుక్క తరుముతుంది. మరి ఉడుత దిగాలంటే ఇప్పపువ్వు రాలాలి, పువ్వు రాలాలంటే పిల్లవాడు ఇవతల నుంచి వడిసెల విసరాలి. చూశారా, ఒక్కో ముడి విప్పుతుంటే నూనా ఆటే మా వాగు ఒడ్డుకు వచ్చి కూర్చుంది. ఇప్పపువ్వు వానల్లో పూయదని చివర్లో ఒకరికి గుర్తొచ్చింది. పువ్వు తీసేసి ఎండు కొమ్మ పెట్టాం.

అప్పుడు మాతో పాటు పాఠాలు చెప్పే ఒక టీచరమ్మ గట్టిగా అడిగింది. పొంగే వాగు దాటడం పిల్లలకు ఆటలో నేర్పుతారా? పోయిన వానల్లో వాగులో కొట్టుకుపోయినవాళ్లను మర్చిపోయారా? ఆ మాటకు అందరం తల దించుకున్నాం. మా వైపు వంతెన లేని వాగులు ఎన్నో. వానాకాలం వచ్చిందంటే మందు, బడి, రేషను అన్నీ అవతలి ఒడ్డునే ఉండిపోతాయి. అక్కడ తప్పు ఎత్తు వేసినవాణ్ణి మళ్లీ మొదటికి తెచ్చి నిలబెట్టే ఆట ఏదీ లేదు.

పిల్లలనే అడిగాం, వాగు దిగొద్దని మీకెట్లా తెలుస్తుంది? ఇది ఏ పుస్తకంలోనూ లేని పాఠం, పుంఖానుపుంఖాలుగా చెప్పారు. నీళ్ల రంగు ఎర్రగా మారితే పైన ఎక్కడో వాన పడింది. నురుగుతో పాటు ఎండాకులు, పుల్లలు గుంపులుగా వస్తే వెనక పెద్ద నీళ్లు వస్తున్నాయి. అడుగున రాళ్లు దొర్లే చప్పుడు వినపడితే మోకాలు లోతైనా దిగొద్దు. ఒడ్డున పుల్ల గుచ్చి చూస్తే నీరు ఎక్కుతుందో దిగుతుందో తెలుస్తుంది. ఎడ్లు ముట్టె చాపి వెనక్కి జరిగితే ఇక మాట్లాడేదే లేదు.

నూనా గాలికి కూర్చోవడం అప్పుడు గుర్తొచ్చింది. మేం విసుక్కున్న ఘట్టమే. మా ఆటలో కూడా నీళ్లు ఎర్రగా ఉన్నప్పుడు వాగులో అడుగుపెడితే దారి లేదు, ఎంత తెలివైన ఎత్తు వేసినా లేదు. పిల్లవాడు ఒడ్డున పుల్ల గుచ్చి, కుక్కను ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. తెర మీద ఏమీ జరగదు. వాన చప్పుడు, తాత గొంతు, అంతే. పుల్ల మీద నీటి గుర్తు దిగాకే పలుపు చేతికి వస్తుంది. ఫోన్‌కు అలవాటు పడిన పిల్లలు దీన్ని భరిస్తారా అని మాకు అనుమానం ఉండేది. మొదటిసారి ఆడినవాళ్లు గబగబా వేళ్లతో పొడిచారు, నీళ్లు పోయాయి, మళ్లీ పొడిచారు. రెండోసారి ఒకడు చేయి వెనక్కి తీసుకుని, ‘ఆగుండ్రి, పుల్ల చూడుండ్రి’ అన్నాడు. పదిమందీ పుల్లనే చూస్తూ కూర్చున్నారు. టీచరమ్మ వాళ్ల వెనకే నిలబడి చూసింది.

మాట ప్రకారం మొదట తాత వాకిట్లోనే చూపించాం. అప్పటికి తయారైంది వాగు దాటేదాకానే. తాత తన గొంతు తాను విని, కొంచెం ఎక్కువ దగ్గాను అన్నారు. ఉడుత వచ్చినప్పుడు, ‘నా కథల ఉడుత లేదు గద’ అన్నారు. పిల్లలు కలిపారని చెప్పాం. ఆలోచించి, ‘ఉండనీయి. కానీ తాత చెప్పిండని చెప్పకుండ్రి, పోరలు కలిపిండ్రని చెప్పుండ్రి’ అన్నారు. ఆట మొదట్లో కథ చెప్పినవారి పేరు, మాట అందించిన అవ్వ పేరు గోండిలో వినిపిస్తాయి. ఇప్పుడు వాటి తర్వాత ఉడుతను తెచ్చిన పిల్లల పేర్లు కూడా చేర్చాం. ఈ వ్యాసంలో ఎవరి పేరూ రాయొద్దనుకున్నాం, ఆటలో మాత్రం అందరివీ ఉన్నాయి.

వాగు అవతల ఏమైందో తాత ఇంకా చెప్పలేదు. దూడ బతికి ఉందా అని పిల్లలు వారం వారం అడుగుతున్నారు. చేన్లో పనులున్నాయి, దండారి వెళ్లిపోయాక రండి, రెండో సగం అప్పుడు చెప్తా అన్నారు. ఈలోపు మావాడు ల్యాప్‌టాప్‌కు కొత్త బ్యాటరీ వెతుకుతున్నాడు. పిల్లలు చార్టు మీద అవతలి ఒడ్డున అడవి గీసి, దూడ కోసం ఖాళీ వదిలారు.